పొడుగు ముక్కులు, తొందరపాటు ఊహలు

ఏనుగు తొండంతో నీళ్లు తాగుతుందని అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. తాగదు. నీళ్లను తొండంలోకి పీల్చుకుని, కొసను నోట్లో పెట్టుకుని అక్కడ వదులుతుంది. తొండమంటే ముక్కూ పైపెదవీ ఒకటైపోయిన అవయవం. ఆ దారి పోయేది ఊపిరితిత్తులకు. అందులోంచే తాగితే ఏనుగుకు పొలమారుతుంది.

పొడుగాటి ముక్కో మూతో నాలుకో కనబడగానే ఎవరికైనా ముందు తోచేది గొట్టం. శాస్త్రవేత్తలకూ అదే తోచింది. ఈ అవయవాల గురించి రెండు వందల ఏళ్లుగా వచ్చిన వివరణల్లో సగానికి సగం బల్ల ముందు కూర్చుని కట్టినవే. జంతువు తింటుండగా ఎవరో ఒకరు ఓపిగ్గా దగ్గర నుంచి చూసినప్పుడల్లా అందులో ఏదో ఒకటి కూలింది. చూడ్డానికి ఇప్పుడు జంతువే లేకపోతే ఏం చెయ్యాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దాని సంగతి చివర్లో చూద్దాం.

ముందు ఏనుగు. అమెరికాలోని జార్జియా టెక్‌కు చెందిన ఆండ్రూ షుల్జ్, డేవిడ్ హూ బృందం అట్లాంటా జంతుప్రదర్శనశాలలో ఒక ఆఫ్రికా ఆడ ఏనుగును పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించింది. దాని ముందు దుంపకూర ముక్కలు పోశారు. కాసిని ముక్కలుంటే తొండం కొసతో ఏరుకుంది. ఎక్కువ పోస్తే ఏరడం మానేసి, పెద్ద చప్పుడు చేస్తూ గాలి పీల్చి ముక్కల్ని కొసకు అంటించుకుంది. ముట్టుకుంటే విరిగేంత పల్చటి మొక్కజొన్న చిప్‌ను విరగకుండా ఎత్తింది. గాలి లోపలికి పోయే వేగం సెకనుకు 150 మీటర్లని, అంటే గంటకు 540 కిలోమీటర్లని లెక్క తేలింది. నీళ్లయితే సెకనుకు సుమారు 3 లీటర్లు. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే ఎవరూ ఊహించని సంగతి ఒకటి బయటపడింది. పీల్చేటప్పుడు ముక్కు రంధ్రాలు లోపల వెడల్పవుతాయి, లోపలి చోటు 60 శాతానికి పైగా పెరుగుతుంది. అంటే అవసరాన్ని బట్టి సాగే పాత్ర అది.

తొండంలో ఎముక లేదు. కండకు కండే ఆధారం. మన నాలుక, ఆక్టోపస్ చేతులు పనిచేసేదీ ఇలాగే. తొండంలో 40 వేల కండరాలున్నాయని పాత పుస్తకాల్లో ఉండేది. నిజానికి అవి కండరాలు కావు, కండర పోగులు. బెర్లిన్‌లో మైకేల్ బ్రెక్ట్ బృందం ఒక ఆసియా ఏనుగు పిల్ల తొండాన్ని పొరలు పొరలుగా స్కాన్ చేసి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆ పోగులు దాదాపు 90 వేలు. అంతకు ముందు ఏడాది అదే బృందం మెదడులో ముఖ కండరాలను నడిపే కేంద్రాన్ని లెక్కపెట్టింది. ఆసియా ఏనుగుకు 54 వేల నాడీకణాలు, ఆఫ్రికా ఏనుగుకు 63 వేలు. నేల మీద తిరిగే ఏ క్షీరదంలోనూ ఇన్ని కనబడలేదు. ఆఫ్రికా ఏనుగు తొండం కొసన రెండు వేళ్లుంటాయి, మన ఏనుగుకు ఒక్కటే. ఆ తేడా మెదడులోనూ కనబడుతోందన్నమాట. ఈ నాడుల సంగతి గుర్తు పెట్టుకోండి, రాక్షసబల్లుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంత సరంజామా ఉన్నా పుట్టిన పిల్లకు తొండం వాడటం రాదు. మొదటి నెలల్లో మోకాళ్ల మీదికి వంగి నోటితోనే నీళ్లు తాగుతుంది.

తొండం తిండి అందుకోవడానికే అనుకుంటే సగమే తెలిసినట్టు. వాసన పసిగట్టే జన్యువులు మనిషికి దాదాపు 400, కుక్కకు దానికి రెట్టింపు, ఆఫ్రికా ఏనుగుకు దగ్గర దగ్గర 2,000 అని జపాన్ పరిశోధకులు 2014లో లెక్క తేల్చారు. థాయ్‌లాండ్‌లో మూతపెట్టిన రెండు బకెట్లలో పొద్దుతిరుగుడు గింజలు పోసి ఏనుగుల ముందు పెడితే, ఎక్కువ గింజలు ఎందులో ఉన్నాయో అవి వాసనతోనే చెప్పగలిగాయి. పలమనేరు, కుప్పం రైతులకు ఇది కొత్త విషయం కాదు. ఎవరి తోటలో కాయ పక్వానికొచ్చిందో తమకన్నా ముందు ఏనుగుల గుంపుకే తెలుస్తుందని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు.

ఏనుగు నుంచి నేరుగా బియ్యం డబ్బాలోకి దిగుదాం. అందులో తిరిగే ముక్కుపురుగు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. దాని తల ముందుకు సాగి ముక్కులా ఉంటుంది. అయితే వాసన చూడ్డానికీ, పీల్చడానికీ అది ముక్కు కాదు. దాని చిట్టచివర చిన్న దవడలుంటాయి. ఆడపురుగు వాటితో గింజను తొలిచి, ఆ రంధ్రంలో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు గింజ లోపలే తిని, లోపలే పెరిగి, గుండ్రటి కంత చేసుకుని బయటికొస్తుంది. బియ్యం ఎంత చెరిగినా పురుగు పోలేదని ఇంట్లో విసుక్కునేది ఇందుకే. గింజ పైన ఏమీ కనబడదు. కోనసీమ కొబ్బరితోటల్లో చెట్టు మొవ్వను గుల్ల చేసే ఎర్రముక్కుపురుగుదీ ఇదే పద్ధతి. కొమ్ముపురుగు చేసిన గాయం దొరికితే దానికి మరీ తేలిక. ఈ జాతిలో పొడుగు ముక్కు పుట్టింది తినడానికన్నా గుడ్డు దాచడానికి.

రైతుల నోట 'రసం పీల్చే పురుగులు' అన్న మాట రోజూ వినబడుతుంది. వరిలో సుడిదోమ, పత్తిలో తెల్లదోమ, పచ్చదోమ, అపరాల్లో పేనుబంక అన్నీ ఆ జాబితాలోవే. అయితే వీటిలో కొన్నిటికి పీల్చాల్సిన అవసరం పెద్దగా లేదు. ఆకుల్లో తయారైన తీపి రసం మొక్కలో మంచి ఒత్తిడితో దిగుతుంటుంది. పేనుబంక తన సన్నటి సూదుల్ని కణాల సందుల్లోంచి పోనిచ్చి సరిగ్గా ఆ నాళంలో గుచ్చిందంటే, రసం దానంతట అదే తోసుకొస్తుంది. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనే ఇద్దరు దీన్ని రుజువు చేసిన తీరు చూడండి. రసం తాగుతున్న పురుగును కదలకుండా పట్టి సూదుల దగ్గర కోసేశారు. మొక్కలో మిగిలిపోయిన సూది మొదలు నుంచి రసం గంటల తరబడి బొట్లు బొట్లుగా కారింది. మొక్క నాళంలోని రసాన్ని కల్తీ లేకుండా సేకరించడానికి శాస్త్రవేత్తలు ఆ తర్వాత ఇదే ఉపాయం వాడుకున్నారు. పురుగు తాగినదాంట్లో చక్కెర దాని అవసరానికి మించి ఉంటుంది, మిగులు వెనక నుంచి తీపి జిగురుగా పడుతుంది. ఆకుల మీద బంక, దాని మీద నల్లటి మసిబూజు, చుట్టూ చీమలు వచ్చేది అందువల్లే.

ఇదే జాబితాలో తామరపురుగు ఇంకా వింత. చాలా కీటకాలకు దవడలు జంటగా ఉంటాయి. దీనికి ఎడమ దవడ ఒక్కటే సూదిగా ఎదుగుతుంది, కుడిది ఎదగదు. ఆ ఒంటి సూదితో కణాన్ని పొడిచి, ఊరినదాన్ని లాగుతుంది. 2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరపతోటల్ని ఊడ్చిపెట్టిన నల్ల తామరపురుగు ఈ జాతిదే. పూలలో చేరి గోకితే పూత రాలిపోయింది, కాయ పడలేదు. పొడుగులో లెక్కకు రాని మూతి ఎన్ని ఎకరాలు ముంచగలదో మిరప రైతును అడిగితే చెబుతాడు.

ఆడదోమ గుచ్చేది ఒక్క సూది కాదు, ఆరు. రెండు చర్మాన్ని పట్టి ఉంచుతాయి, పళ్లున్న రెండు కోస్తాయి, ఒకటి రక్తాన్ని పైకి లాగే దారి, ఒకటి లాలాజలాన్ని కిందికి దించే దారి. వీటన్నిటికీ తొడుగులా ఉండేది గుచ్చుకోదు, చర్మం బయటే వంగి నిలబడుతుంది. మలేరియా కథ అంతా ఈ రెండు దారుల మధ్యే నడిచింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా జీవిని దోమ పొట్ట గోడలో చూశాడు. అంటే పైకి లాగే దారిన అది లోపలికి వెళ్లిందని తేలింది. మళ్లీ మనిషిలోకి ఎలా వస్తోందన్నది తేలలేదు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ దాని జీవిని దోమ లాలాజల గ్రంథుల్లో పట్టుకున్నాడు. రెండో దారీ దొరికింది. మన దగ్గర మొదటి సగం గురించే ఎక్కువ చెప్పుకుంటాం, సికింద్రాబాద్ అభిమానం కొద్దీ. రోగం అంటుకునేది మాత్రం రెండో సగం వల్లే.

సీతాకోకచిలుకది గొట్టమే కదా అంటే, అదీ సగమే నిజం. గూడులోంచి బయటపడ్డప్పుడు దాని నాలుక రెండు చీలికలుగా ఉంటుంది. చుట్టలు చుడుతూ విప్పుతూ ఆ రెంటినీ అది జతచేసుకోవాలి. తడి మట్టి మీద, కుళ్లిన పండు మీద వాలినప్పుడు నేరుగా పీల్చడానికి అక్కడ ద్రవం కుంట కట్టి ఉండదు. నాలుక కొస దగ్గర సన్నటి సందుల్లోకి తేమ ఎగబాకాకే లోపలి పంపు పని మొదలవుతుందని అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. హమ్మింగ్‌బర్డ్ కథ ఇంకా పాఠం లాంటిది. దాని నాలుక మీది గాడుల్లోకి తేనె తనంతట తానే ఎగబాకుతుందని 19వ శతాబ్దం నుంచి పుస్తకాలు రాస్తూ వచ్చాయి. 2011లో రికో-గెవారా, రూబేగా అనే పరిశోధకులు హైస్పీడ్ కెమెరా పెట్టారు. నాలుక కొస తేనెలో రెండుగా విచ్చుకుని, అంచులనున్న కుచ్చులు తెరుచుకుని, బయటికి లాగేటప్పుడు చుట్టుకుపోయి తేనెను బంధిస్తోంది. అన్నేళ్ల వివరణ సెకను కూడా లేని దృశ్యంతో పోయింది.

ఈ రంగంలో అసలు పెద్ద తగువు పూల దగ్గర ఉంది. 1862 జనవరిలో జేమ్స్ బేట్‌మన్ అనే పూల ప్రేమికుడు డార్విన్‌కు మడగాస్కర్ ఆర్కిడ్ పూలు పంపాడు. పూవు వెనక వేలాడే తేనె గొట్టం దాదాపు అడుగు పొడుగు, తేనె అట్టడుగున. ఇంత నాలుకున్న పురుగు ఒకటి మడగాస్కర్‌లో ఉండి తీరాలని డార్విన్ ఆ ఏడే తన ఆర్కిడ్ పుస్తకంలో రాశాడు. నవ్వినవాళ్లు నవ్వారు. 1867లో వాలెస్ ఇంకో అడుగు వేసి అది హాక్‌మాత్ జాతి రెక్కల పురుగు అయి ఉంటుందన్నాడు. 1903లో రోత్‌షీల్డ్, జోర్డాన్ ఆ పురుగును వర్ణించి, ముందే చెప్పబడినది అన్న అర్థంతో పేరు పెట్టారు. అది ఆ పూవు మీద వాలడాన్ని వాసర్‌టాల్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించేసరికి 1992 వచ్చింది. 2021లో దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించారు. కొలిచిన వాటిలో పెద్ద నాలుక 28.5 సెంటీమీటర్లు.

ఇంతవరకు డార్విన్ గెలిచినట్టే. తగువు మొదలయ్యేది 'ఎందుకు' దగ్గర. డార్విన్ వివరణ పరుగుపందెం. నాలుక కన్నా గొట్టం కాస్త పొడుగైతే పురుగు తల లోపలికి దూర్చాలి, పుప్పొడి అంటుతుంది. నాలుక పెరిగితే గొట్టం కూడా పెరగాలి. స్వీడన్‌లో నిల్సన్ 1988లో ఒక ఆర్కిడ్ తేనె గొట్టాలను కృత్రిమంగా పొట్టిచేసి చూపించాడు. పొట్టి గొట్టాలకు పుప్పొడి మార్పిడి తగ్గింది. డార్విన్ వాదంలో సగానికి ఇది గట్టి సాక్ష్యం. వాసర్‌టాల్ మాత్రం నాలుక పెరగడానికి కారణం పూవు కాదంటాడు. పూలలో మాటువేసే సాలీళ్లకు అందకుండా దూరంగా ఊగుతూ తాగడానికి పొడుగు నాలుక ముందే వచ్చింది, పూలు తర్వాత దానికి తగ్గట్టు సాగాయి అన్నది అతని వాదం. 2007లో విట్టాల్, హాడ్జెస్ అక్విలీజియా పూల వంశవృక్షం కట్టి చూస్తే గొట్టాలు నెమ్మదిగా పందెంలో పెరిగిన గుర్తులు లేవు. తేనెటీగల నుంచి హమ్మింగ్‌బర్డ్‌లకు, వాటి నుంచి హాక్‌మాత్‌లకు పూలు మారినప్పుడల్లా ఒక్క గంతులో పెరిగాయి.

ఈ వ్యాసకర్త మొగ్గు రెండో పక్షానికి. పూవు పురుగును వెంబడించిందనడానికి సాక్ష్యం గట్టిది, పురుగు పూవును వెంబడించిందనడానికి చాలా పల్చనిది. పరుగుపందెం చెప్పడానికి బాగుంటుంది కాబట్టి పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. మన ఊళ్లలోనే చీకటిపడ్డాక ఆకాశమల్లి చెట్టు కింద, సాయంత్రం చంద్రకాంత పూల దగ్గర నిలబడి చూడండి. హాక్‌మాత్‌లు వాలకుండా గాలిలోనే నిలిచి, ఒక పూవు నుంచి ఇంకో పూవుకు క్షణాల్లో మారుతూ తాగుతాయి. సాలీడు వాదం అప్పుడు అంత విడ్డూరంగా అనిపించదు.

చీమలూ చెదలూ తినే జంతువుల దగ్గర ఇంత తగువు లేదు. అమెరికా ఖండపు పెద్ద యాంట్‌ఈటర్‌కు పళ్లు లేవు. 60 సెంటీమీటర్ల నాలుకను నిమిషానికి 150 సార్లు ఆడిస్తుంది, సైనిక చెదలు ఎదురుతిరిగే లోపు ఇంకో పుట్టకు పోతుంది. నల్లమల, తూర్పు కనుమల్లో తిరిగే అలుగు నాలుక మొదలు గొంతులో కాదు, రొమ్ము ఎముక చివర ఉంటుంది. ఈక్వడార్‌లో 2005లో దొరికిన ఒక తేనె గబ్బిలం కూడా తన ఒంటికి ఒకటిన్నర రెట్లున్న నాలుకను పక్కటెముకల మధ్య దాచుకుంటుంది. తిండి వేరు, వంశం వేరు, చోటు లేక వెతుక్కున్న దారి ఒక్కటే. చీమలు, చెదల తిండికి క్షీరదాలు గత 6.6 కోట్ల ఏళ్లలో కనీసం 12 సార్లు విడివిడిగా మళ్లాయని 2025 నాటి ఒక పరిశీలన.

మన ఎలుగుబంటి మాత్రం నాలుకను నమ్ముకోలేదు. పుట్టను గోళ్లతో తవ్వి, మట్టిని ఊది, ముక్కు రంధ్రాలు మూసుకుని, పొడుగాటి పెదవుల్ని ముందుకు సాచి చెదల్ని లాగుతుంది. పైవరసలో నడిమి రెండు పళ్లు లేవు, గాలి దారి కోసం. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికీ వినబడుతుంది. ఆ పళ్లసందూ పొడుగు గోళ్లూ చూసి 1791లో జార్జ్ షా దీన్ని స్లాత్ జాతిలో కలిపేశాడు. ఇంగ్లిష్‌లో దాని పేరు చివరికి స్లాత్ బేర్‌గానే మిగిలింది.

తిండితో సంబంధం లేని పొడుగు ముక్కులూ ఉన్నాయి, క్లుప్తంగా చెప్తాను. మధ్య ఆసియా సైగా జింక ఉబ్బు ముక్కు దుమ్మును వడగడుతుంది, చలిగాలిని వెచ్చబరుస్తుంది. మగ ఎలిఫెంట్ సీల్‌ది అరుపు కోసం, బోర్నియో కోతిదీ దాదాపు అంతే. టాపిర్ పొట్టి తొండం తిండికే పనికొస్తుంది గానీ దాని చుట్టాలు గుర్రం, ఖడ్గమృగం. ఆఫ్రికా సెంగీకి మూతి చూసే ఏనుగు చుంచు అని పేరు పెట్టారు. 1990ల చివర్లో జన్యువులు చూస్తే అది నిజంగానే ఏనుగుకు దూరపు చుట్టం, చుంచుకు కాదు. అయినా ఆ మూతి ఏనుగు వంశం నుంచి వచ్చింది కాదు. పోలిక కాకతాళీయమే.

ఇక చూడ్డానికి జంతువే లేని చోటు. తొండంలో ఎముక లేదు కాబట్టి రాయిగా మిగలదు. పుర్రెలో ముక్కు రంధ్రం ఎక్కడుందన్నదే ఆధారం. సిసిలీ గుహల్లోని మరుగుజ్జు ఏనుగు పుర్రెల నడుమ ఉన్న పెద్ద రంధ్రాన్ని చూసే గ్రీకులు ఒంటికన్ను రాక్షసుణ్ణి ఊహించి ఉంటారని 1914లో ఆబెల్ అన్నాడు. అది నిజమైతే తొండం ఉన్న పుర్రెలో పూర్వులు కన్ను చూశారన్నమాట. ఆధునికులు తిరగేసి చేశారు. రంధ్రం పైనుంటే చాలు, తొండం తగిలించేశారు.

1834లో డార్విన్ పటగోనియాలో తవ్విన ఎముకలకు ఓవెన్ 1838లో మాక్రాకీనియా అని పేరు పెట్టాడు. తర్వాత దొరికిన పుర్రెల్లో ముక్కు రంధ్రం కళ్ల మధ్య నెత్తి మీద ఉంది. అప్పట్నుంచి చాలా బొమ్మల్లో ఒంటెకు తొండం అతికించినట్టు గీస్తున్నారు. టాపిర్ పుర్రె మీద తొండం కండరాలు పట్టుకునే గుర్తులు మాక్రాకీనియా పుర్రెతో కలవడం లేదని ఇటీవలి పోలికలు చెబుతున్నాయి. మూస్ అనే పెద్ద దుప్పికి ఉన్నలాంటి కండపట్టిన మూతి కావచ్చన్నది ఇప్పటి వాదం. డిప్లోడోకస్ అనే రాక్షసబల్లికి కూడా రంధ్రం పైనే ఉందని 1975లో కూంబ్స్ తొండం సంగతి చర్చకు తెచ్చాడు. 2001లో విట్మర్, బతికున్న జంతువులతో పోల్చి, ఎముకలో రంధ్రం ఎక్కడున్నా కండలో ముక్కు ముందుకే ఉంటుందని చూపాడు. 2006లో నోల్ బృందం మెదడు అచ్చును పరిశీలించింది. తొండాన్ని కదిలించాలంటే లావాటి ముఖనాడి కావాలి, ఏనుగుకు ఉన్నట్టు. డిప్లోడోకస్‌ది సన్నం. ఆ కేసు అక్కడితో మూతపడింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన మన రాక్షసబల్లి కోటసారస్ విషయంలో ఈ చర్చే రాదు. రెండు పళ్లు తప్ప తల దొరకలేదు.

మరి అసలు ఏనుగుకే తొండం ఎలా వచ్చింది? తల బరువెక్కి, మెడ కురచై, నోరు నేలకు అందక వచ్చిందన్నది పాత వివరణ. అదే నిజమైతే ఏనుగు పూర్వీకులకు కింది దవడ గజం పొడుగున ఎందుకుంది? చైనా ఉత్తరాన 1.7 నుంచి 1.5 కోట్ల ఏళ్ల నాటి ఏనుగు చుట్టాల మూడు కుటుంబాల దవడలను, పళ్లలో మిగిలిన తిండి గుర్తులను పోల్చి 2023లో వచ్చిన పరిశీలన ఒక జవాబిచ్చింది. ముందు పొడుగైంది దవడ. అది గడ్డీ గాదమూ కోస్తుంటే పట్టి లాగేందుకు పైపెదవి సాగింది. అడవి పల్చబడి గడ్డినేలలు పెరిగినచోట తొండానికి పని పెరిగింది, చివరికి దవడే కురచైంది. సాక్ష్యాలకు దగ్గరగా ఉన్నది ఇదే. అయినా దవడ కనబడుతోంది, తొండం ఊహే.

పిల్లల పుస్తకాలకు పూర్వకాలపు జంతువుల బొమ్మలు వేసేవారికి ఒక మనవి. ఎముక చెప్పినంతవరకు నిండు గీత గీయండి, మాక్రాకీనియా మూతిని చుక్కల గీతతో వదిలేయండి. డిప్లోడోకస్‌కు మాత్రం తొండం పెట్టకండి.